ఎడమచేతి అతుకు

మా కారు ఇప్పుడు ఎక్కడుందో ముందు చెప్పాలి. మా ఇంటి ముందుగదిలో ఉంది. తలుపుల్ని గుమ్మంతో సహా ఊడబీకి, సోఫాని మేడమెట్ల కిందకి గెంటి, నలుగురు పట్టి లోపలికి తోసిన రోజు నుంచి అది అక్కడే ఉంది. అమ్మ టీవీ చూడాలంటే కారు చుట్టూ తిరిగి వెళ్ళాలి. కొన్నాళ్ళు సణిగింది. కారులోంచి సీట్లు పీకి గోడవారన పెట్టాక మాత్రం, అందులో మెత్తగా ఉన్నదాన్ని చూసుకుని తనదనేసింది. ఇప్పుడు రోజూ దాంట్లోనే కూర్చుని టీవీ చూస్తోంది, కారుకి వీపు తిప్పి.

నేను కొరియర్ వ్యాను నడుపుతాను. పగలంతా ఊళ్ళోవాళ్ళ పార్సిళ్ళు మోసి, మిగిలిన టైములో ఈ పాత కారుని ర్యాలీ కారుగా మారుస్తున్నాను. అయిదు నెలలైంది. ఇనుము పనంతా మామయ్యది, అంటే అమ్మకి అన్నయ్య. గేట్లు, గ్రిల్సు, గోడౌన్ షట్టర్లు చేసి చేసి రిటైరైన మనిషి. వెల్డరుగా సర్టిఫికెట్ ఉంది. పోయిన వారం నేనూ ఆయనా చప్పుడు రాకుండా కారు నేలకి అంటించిన తారు షీట్లని ఉలితో గీకుతుంటే కింద ఒక వెల్డింగ్ గీత బయటపడింది. ఎడమ తలుపు దగ్గర మొదలై, నడుమున అడ్డంగా నడిచి, కుడి తలుపు దాకా వెళ్ళింది. అంటే నేను మోజుపడి కొన్నది ఒక కారు కాదు. ఎవరో ఒక కారు ముందు సగాన్నీ ఇంకో కారు వెనక సగాన్నీ తెచ్చి అతికించి, రంగేసి అమ్మేశారు. నేను నోరు తెరిచేలోపు మామయ్య టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని, కళ్ళజోడు కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు మూడు రోజులైనా రాలేదు. ఫోను చేస్తే మోగుతుంది, ఎత్తడు. ఎల్లుండి పొద్దున పోటీవాళ్ళ ఇంజనీరు మా ఇంటికే వచ్చి కారుని చూస్తాడు. ఆయన సరే అంటేనే లోపల ఇనుప పైపుల పంజరం బిగించాలి, పోటీకి వెళ్ళాలి. కాదంటే కారు పాత ఇనుముల వాడికి పోతుంది, నా అయిదు నెలలు దాని వెనకాలే పోతాయి. ఇందులో నా సరదా ఒక్కటే ఉంటే ఏదోలా సర్దిచెప్పుకునేదాన్ని. నా పక్క సీట్లో కూర్చుని దారి చదివి చెప్పడానికి మా ఆఫీసులో పార్సిళ్ళు సర్దే ఆవిడ ఒప్పుకుంది. ఆవిడకి ఇద్దరు పిల్లలు. గతుకుల్లో ఎగిరిపడేటప్పుడు కారు నడుము విరిగితే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు.

అయినా చిత్రమేమిటంటే, నాకు కోపం కంటే కుతూహలమే ఎక్కువగా ఉంది. ఇవాళ సెలవు పెట్టి, మధ్యాహ్నం అన్నం తిని, టార్చిలైటు పట్టుకుని కారులో బోర్లా పడుకున్నాను. వైరు బ్రష్షుతో ఆ గీతని అంగుళం అంగుళం తోమాను. శుభ్రం చేశాక అది ఎంత అందంగా ఉందో! చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. పొలుసు ఎటు ఒరిగిందో చూస్తే వెల్డరు చెయ్యి ఎటునుంచి ఎటు నడిచిందో తెలిసిపోతుందని మామయ్యే నాకు నేర్పాడు. ఎడమ సగంలో ప్రతి నాలుగు వేళ్ళకీ చెయ్యి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టిన ప్రతిచోటా ఒక చిన్న సున్నా చుట్టి ముందుకి కదిలింది.

ఆ సున్నాని నేను ఎక్కడో చూశాను. ఎక్కడా అని బుర్ర గోక్కుంటూ మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని కిటికీ వైపు చూశాను. కిటికీ గ్రిల్లు నిండా సున్నాలే. అతుకు అతుక్కీ ఒకటి. నేను పుట్టినప్పటినుంచి ఆ కిటికీ ముందు నీళ్ళు తాగుతున్నాను, ఒక్కనాడూ పట్టించుకోలేదు. ఆ గ్రిల్లు చేసింది మామయ్య.

సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి దగ్గు వినిపించింది. మామయ్య! గుమ్మం లేని గుమ్మంలో నిలబడి, ఎటు చూడాలో తెలియక సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"కళ్ళజోడు ఇక్కడ పెట్టి మర్చిపోయానమ్మడూ. పేపరు చదవలేకపోతున్నా," అన్నాడు.

"కళ్ళజోడు ఇస్తాను గానీ, ముందు అది పెట్టుకుని ఇది చూడు మామయ్యా," అని చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కొచ్చాను. "ఈ సున్నాలు ఎవరివి?"

"ఏ సున్నాలు?"

"వంటింటి కిటికీకి ఉన్నవే."

ఆయన వంగలేదు, చూడలేదు. కళ్ళజోడు తుడిచీ తుడిచీ అరగదీశాడు. తరవాత నిట్టూర్చి, "నావే," అన్నాడు. "మీ తాతయ్య షెడ్డులో మూడు కార్లు ఇలా అతికించాం. అప్పట్లో అందరూ చేసేవాళ్ళే. ఇది ఆఖరిది. రంగు మారింది, నంబరు మారింది. నువ్వు కొన్నప్పుడు ఎలా గుర్తుపడతాను? గీత కనబడేదాకా నాకూ తెలియదు, ఒట్టు."

"గుర్తుపట్టాక చెప్పొచ్చుగా? చెప్పులేసుకుని పారిపోవడం దేనికి?"

"సిగ్గేసిందే."

ఆ మాట నమ్మాను. నమ్మి, జాలిపడి, అక్కడితో వదిలేద్దామనుకున్నాను కూడా. కానీ నాకు పుట్టుకతో ఒక జబ్బుంది, సగం తెలిస్తే నిద్రపట్టదు. టార్చి కుడివైపుకి తిప్పాను.

"మరి ఈ సగం ఎవరిది?"

"నాదేగా. మొత్తం నాదే."

"ఇందులో ఒక్క సున్నా లేదు. నువ్వు నాలుగు వేళ్ళకోసారి ఆగావు. ఇది జానెడు జానెడు ఒక్క ఊపులో సాగింది. పైగా పొలుసులు ఎదురుగా ఒరిగాయి. చెయ్యి కుడినుంచి ఎడమకి నడిచింది."

"ఆ రోజు కుడిచెయ్యి కాలింది. ఎడం చేత్తో వేశా."

"ఎడం చేత్తో? ఇంత నున్నగా?"

"ఏం, వెయ్యకూడదా? పనిమంతుడికి ఏ చెయ్యయితేనేం?"

నా దగ్గరా ఈ పప్పులు ఉడికేది? జేబులోంచి సుద్దముక్క తీసి ఆయన ఎడం చేతిలో పెట్టాను. "ఇదిగో బానెట్టు. దీని మీద నీ పేరు రాయి చూద్దాం."

మామయ్యకి రోషమొచ్చింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, పెద్ద పనిలో దిగినవాడిలా మొదలుపెట్టాడు. మొదటి అక్షరం బోర్లాపడింది. రెండోది దాని కాళ్ళ మీద ఎక్కింది. మూడోదానికి సుద్దముక్క విరిగింది. నేను నవ్వు ఆపుకుందామనుకున్నాను, కుదరలేదు. ఆయన కూడా ఒక్క క్షణం నవ్వాడు, కానీ వెంటనే ముఖం వాడిపోయింది. ఆయన దేన్నో కాదు, ఎవరినో దాస్తున్నాడని నాకప్పుడు తట్టింది.

"తాతయ్యా?" అన్నాను.

"ఆయనకి షీటు వెల్డింగు రాదు. మందపాటి పనే."

"మరెవరు? షెడ్డులో ఉన్నది మీరిద్దరేగా?"

"ఇద్దరు కాదు," అంది వెనకనుంచి అమ్మ.

అమ్మ లైబ్రరీలో పనిచేస్తుంది. చిరిగిన పుస్తకాలు కుట్టి, జిగురు పెట్టి, కొత్త అట్టలేస్తుంది. నాలుగింటికి ఇంటికొస్తుంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. చేతిసంచీ భుజానే ఉంది. సంచీ తీసి టీవీ సీట్లో పెట్టి, కారులోకి తల పెట్టి, ఎడం చెయ్యి చాచి కుడివైపు గీత మీద వేలు నడిపించింది. నడిపిస్తున్న వేలు ఎక్కడా తడుముకోలేదు.

"ఇదా ఆ కారు?" అంది. "ఇన్నాళ్ళూ నా వెనకాలే ఉందా?"

అమ్మ వెల్డింగు చేసిందా! మిక్సీ వింత శబ్దం చేస్తే నన్ను పిలిచే అమ్మ! నా ముఖంలో ఆ ప్రశ్న చదివినట్టుంది.

"అలా చూస్తావేంటే? మీ తాతయ్య ఇంట్లో లేనప్పుడు నేర్చుకున్నా. నేర్పింది అన్నయ్యే. 'నా కంటే నీ చెయ్యే నున్నగా వస్తోందే' అనేవాడు. ఈ కారు చెరి సగం పంచుకున్నాం. నా సగం అయింది, మధ్యలో కొంచెం మిగిలింది. నువ్వు ఉయ్యాల్లో ఏడుస్తున్నావు. 'నువ్వు పిల్లని చూసుకో, ఆ కాస్తా నేను వేసేస్తా' అన్నాడు. సాయంత్రం మీ తాతయ్య వచ్చి చూసి, మొత్తం అన్నయ్యే చేశాడనుకుని మెచ్చుకున్నాడు. నేనూ నోరెత్తలేదు. ఆ తరవాత మళ్ళీ వెల్డింగు టార్చి పట్టుకోలేదు."

"ఎందుకమ్మా?"

"ఎవరూ అడగలేదు," అంది. అంత మామూలుగా ఎలా అందో.

పాత కార్లన్నిటికీ చేసే ఒక పరీక్ష గురించి, తేదీ ఖాయం చేసిన రోజే ఇంజనీరు ఫోన్లో చెప్పాడు. కారు కింద దీపం పెట్టి, పైన దుప్పటి కప్పి, లోపల కూర్చుని చూడాలట. నేల గట్టిదైతే చీకటే. ఎక్కడైనా వదులుంటే వెలుతురు తన్నుకొస్తుంది. ఎల్లుండి ఆయన చేసేదీ అదే. మనమే ముందు చూసుకుందామని నేను లైటు కిందకి తోశాను. అమ్మ పడకగదిలోంచి రెండు పెద్ద దుప్పట్లు తెచ్చింది. మామయ్య, "ఇప్పుడెందుకు, ఎల్లుండి ఆయనే చూస్తాడుగా," అంటూనే ఉన్నాడు. ముగ్గురం దుప్పటి కింద దూరి, ఒట్టి ఇనుప నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఉక్కపోత, తారు వాసన, అమ్మ చేతుల నుంచి పుస్తకాల జిగురు వాసన. నడివయసు దాటిన ఇద్దరు మనుషులు దొంగాట ఆడుతున్న పిల్లల్లా ఊపిరి బిగబట్టారు.

ఎడమ సగం చీకటిగా ఉంది. కుడి సగం ఇంకా చీకటిగా ఉంది. నా గుండె కాస్త నెమ్మదించింది.

"మధ్యలో తారు ఇంకా గీకలేదు," అన్నాను. కారు నడుమ ఉబ్బెత్తు మీద అరచెయ్యంత మేర తారు మిగిలి ఉంది. అది మిగతా తారు లాంటిది కాదు. షీటు కాదు, చేత్తో పూసింది. దాని మీద బొటనవేలి ముద్ర కూడా ఉంది. ఉలి అందుకున్నాను.

"అక్కడొద్దు. అక్కడ బానే ఉంది," అన్నాడు మామయ్య.

"బానే ఉంటే గీకితే ఏం?"

"వద్దన్నానా!"

మామయ్య నా మీద గొంతెత్తడం అదే మొదటిసారి. అమ్మ నా చేతిలోంచి ఉలి తీసుకుని, ఎడం చేత్తో తారు అంచు కింద దూర్చి, ఒక్కసారి పైకి లేపింది. పెచ్చు మొత్తంగా ఊడింది. కిందనుంచి సన్నటి వెలుతురు గీత అమ్మ ముఖం మీద పడింది.

జానెడు పొడవు. అక్కడ అతుకే లేదు. రెండు రేకుల మధ్య గోరు పట్టేంత సందు.

వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవ్వక మొరాయిస్తోంది.

"అన్నయ్యా, ఇది నువ్వు వేస్తానన్న చోటు కదూ?" అంది అమ్మ.

"గ్యాస్ అయిపోయింది."

"ఏంటి?"

"సిలిండర్లో గ్యాస్ అయిపోయిందే. కారాయన గేటు బయట హారన్ కొడుతున్నాడు. నాన్న కేకలేస్తున్నాడు. జానెడేగా, రేపు పిలిపించి వేద్దాంలే అనుకున్నా. తారు పూసేశా."

"రేపు పిలిపించావా?"

అమ్మ కాసేపు వెలుతురు గీతనే చూసింది. ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. తరవాత చాలా నెమ్మదిగా, "ట్రయలు రోజు నీకు కడుపునొప్పి," అంది.

తాతయ్య షెడ్డులో ఒక పద్ధతి ఉండేదని మామయ్యే నాకు గొప్పగా చెప్పేవాడు. ఎవరు అతికిస్తే వాళ్ళు మొదటి ట్రయల్‌కి పక్క సీట్లో కూర్చోవాలి. క్వారీ దాకా గతుకుల దారిలో వెళ్ళి రావాలి. తన అతుకు మీద తను కూర్చోలేనివాడు అతికించకూడదని తాతయ్య మాట. మొదటి రెండు కార్లకీ మామయ్య కూర్చున్నాడు. ఈ మూడోదాని సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

"నీకు కడుపునొప్పి అన్నావని నేను కూర్చున్నా," అంది అమ్మ. "సగం నాదేగా అనుకుని, నాన్నకి తెలియకపోయినా నా మటుకు నేను గర్వంగా కూర్చున్నా. ఒళ్ళో దీన్ని పెట్టుకుని. ఏడాది పిల్ల."

దీన్ని అంటే నన్ను. పాతికేళ్ళ కిందటి ఆ గతుకులు ఇప్పుడు తగిలినట్టు నాకు ఒళ్ళు జలదరించింది.

"క్వారీ దాకా నువ్వు కారు వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చావు. 'మెల్లిగా, మెల్లిగా పోనివ్వండి' అని అరుస్తూ. చెప్పు తెగిపోయినా ఆగలేదు. నేను కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసి ఎంత మురిసిపోయానో తెలుసా? చెల్లెలంటే ఎంత ప్రాణమో మా అన్నయ్యకి అనుకున్నా. ఇన్నేళ్ళుగా ఎవరడిగినా అదే చెప్పుకున్నా."

"ప్రాణమేనే," అన్నాడు మామయ్య. "ప్రాణం కాబట్టే పరిగెత్తా."

"ప్రాణమైతే ఆపేవాడివి."

మామయ్య రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. తారు ముఖమంతా అంటింది. ఇంకో రోజయితే ముగ్గురం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆయన దుప్పటి పక్కకి లాగేసి బయటికొచ్చాడు. మూలనున్న వెల్డింగు గ్యాస్ సిలిండరు దగ్గరికి వెళ్ళి, మీటరు ముళ్ళు చూశాడు.

"పది నిమిషాల పని. ఇప్పుడే వేసేస్తా. పైన కొత్త తారు షీటు పరిస్తే ఇంజనీరుకి ఈ గీతే కనబడదు. పోటీవాళ్ళ ఫారం ఇటివ్వు, వెల్డింగు బాధ్యత నాదని ఇప్పుడే సంతకం పెట్టేస్తా. వెల్డరు సర్టిఫికెట్ ఉన్నది నాకేగా. అమ్మడూ, నీ కారు ఎక్కడికీ పోదు. నువ్వు పోటీకి వెళ్తావు. సరేనా?"

నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. పది నిమిషాలు! ఆ సందు మూసేస్తే కారు నిజంగానే గట్టిపడుతుంది కదా, ఇక గీత కనబడితేనేం కనబడకపోతేనేం అని నా మనసే నాకు వకాల్తా పుచ్చుకుంది. ఫారం కోసం చెయ్యి సగం దాకా వెళ్ళింది. అమ్మ నన్నే చూస్తోంది. "నీ కారు, నీ ఇష్టం," అంది. తిట్టినా బాగుండేది.

ఆ పక్క సీట్లో కూర్చోబోయే ఆవిడ గుర్తొచ్చింది. నిన్న ఫోన్లో, "మా చిన్నాడు హెల్మెట్ మీద నక్షత్రం అంటించాడు, పర్లేదా?" అని అడిగింది. ఆవిడకి ఈ గీత సంగతి నేను ఇంకా చెప్పలేదు. మూడు రోజులుగా చెప్పలేదు. అంటే నేను కూడా అప్పుడే కాస్త తారు పూసేశానన్నమాట.

ఫోను తీసి ఇంజనీరు నంబరు నొక్కాను. స్పీకర్ ఆన్ చేసి బానెట్టు మీద, మామయ్య రాసిన వంకర అక్షరాల పక్కన పెట్టాను.

"సార్, ఎల్లుండి మీరు చూడబోయేది ఒక కారు కాదండీ. రెండు ముక్కలు. అతికించారు," అన్నాను.

నా అయిదు నెలలు ఆ ఒక్క మాటతో మునిగిపోయినట్టే అనిపించింది.

"అతుకుల బండి నా చేతి మీదుగా ఇంతవరకూ పోటీకి వెళ్ళలేదమ్మా," అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. "నువ్వుగా చెప్పావు కాబట్టి అడుగుతున్నా. ఎప్పుడు అతికించారు?"

"పాతికేళ్ళయింది."

"పాతికేళ్ళా! ఇన్నాళ్ళూ రోడ్డు మీద తిరిగిందా? అతికించినవాళ్ళు ఎవరైనా బతికున్నారా?"

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారండీ."

"అయితే ఫోను వాళ్ళకివ్వు. ఎలా వేశారో వాళ్ళ నోటితో వినాలి. విన్నాక ఎల్లుండి రావాలో, లిస్టులోంచి నీ పేరు కొట్టెయ్యాలో చెప్తా. ఒక్కటే మాట, నాకు తెలియకూడనిది ఏదైనా ఉండి అది తరవాత తెలిసిందనుకో, ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ నీ కారు నేను చూడను."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. "కుడివైపు నేను వేశానండీ. ఎడమవైపు మా అన్నయ్య. రెండూ దీపం పెట్టి చూశాం, గట్టిగానే ఉన్నాయి. మధ్యలో జానెడు మాత్రం అతకలేదు. పైన తారు పూసి ఉంది."

"అతకలేదా? మర్చిపోయారా?"

"నేను కాదండీ. ఇస్తున్నా, ఆయనే చెప్తారు."

మామయ్య వెనక్కి రెండడుగులు వేశాడు. వెనక గోడ ఉంది. అమ్మ దగ్గరికి వెళ్ళి, తారు అంటుకున్న ఆయన ముఖం ముందు ఫోను పట్టుకుని నిలబడింది.

"చెప్పండి మేస్త్రీ," అంది ఫోను. "ఆ జానెడు ఎందుకు వదిలేశారు?"